గాడిద పన్ను

బూఅజ్జా బాబాయి సంచి బోర్లిస్తాడు.
ఫాస్ఫేట్ దుమ్ము లేచి టీ గ్లాసుల మీద వాలుతుంది,
పుదీనా మీద కూడా.
మూడు కిలోలుంటాయి. ఎక్కువ చేపలవే.
చేపల్ని ఎడమకి తోసేస్తాను.
దానికి దీపం కూడా అక్కర్లేదు.

అసలు లెక్క కుడిపక్కన.

ఊద్ జెమ్‌లో పుట్టినదాన్ని.
ఆ సముద్రపు బల్లి నోరు నా వేళ్ళకి
నా వంటింటికన్నా బాగా తెలుసు.
ముందు అంచు తడుముతాను, వెనకంచు తడుముతాను.
రెండంచులూ తెగేలా ఉండి, మధ్యలో లావెక్కితే
అది పెద్దదానిది, చీల్చుకు తినేది.
పుట్టగొడుగు గొడుగులా గుండ్రంగా, ముడతలతో ఉంటే
గవ్వలు పగలగొట్టుకుని బతికినదానిది.
సన్నగా వంగి, ఒళ్ళంతా నిలువు గీతలుంటే
పొడుగు మెడదానిది.
అది సంచికొకటి కూడా రాదు.
వస్తే బల్ల మీద ఉంచను,
తలగుడ్డ చెంగున ముడేస్తాను.

అనుమానమొస్తే నాలుకకి ఆనిస్తాను.
ఎముకైతే పట్టుకుంటుంది,
అప్పిచ్చినవాడిలా ఓ పట్టాన వదలదు.
జిగురైతే జారిపోతుంది.
చాలాసార్లు జారిపోతుంది.
జారుతుందని నాకు ముందే తెలుసు,
ఆ వేరు చేసింది నేనే కనక.

అవును. విరిగిన కొనకి ఇంకో జంతువు వేరు,
మధ్యలో జిగురు, పైన ఇసక,
ఆఖర్న కాస్త టీ నీళ్ళు, పాతబడినట్టుండడానికి.
ఏడు కోట్ల ఏళ్ళు చాలనట్టు.
మర్రాకెష్ దుకాణంవాడు అడిగేవి అవే:
"వేరుతో కావాలి, నిండుగా కావాలి."
ఒకసారి ఎవరో జర్మనీ పెద్దాయన
భూతద్దంతో చాలాసేపు చూసి,
డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, గుమ్మం దగ్గర ఆగి
"ఈ వేరు చేసిన చెయ్యి చాలా ఓపికైంది" అన్నాడట.
దుకాణంవాడు నవ్వుతూ చెప్పాడు.
ఆ రాత్రి రొట్టె పిండి కలిపే ముందు
చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

నిన్న సంచి అడుగున ఒకటి దొరికింది.
కొన అరిగిపోయింది, అంచు చిట్లింది.
తిప్పి చూస్తే వేరులో శనగగింజ పట్టేంత గుంట.
గుంటలో ఇంకో పన్ను.
బార్లీ గింజంత. మెరుస్తోంది.
పాతదాన్ని అడుగునుంచి కరిగించుకుంటూ
పైకొస్తోంది.
వచ్చేలోపల నోరే పోయింది.

"ఎంతకిస్తావ్?" అన్నాడు బాబాయి.
"ఇది అమ్మను" అన్నాను.
బావి కూలిన ఏడాదినుంచి ఆయనకి ఎడమ చెవి లేదు.
"ఇరవైకా? ఇచ్చెయ్" అన్నాడు.

హనియ్యాకి ఏడేళ్ళు.
ఊగే పన్ను నాలుకతో తోసుకుంటూ
రోజంతా బల్ల చుట్టూ తిరిగింది. సాయంత్రానికి ఊడింది.
రివాజు ప్రకారం వాకిట్లో నిలబెట్టి చెప్పించాను:
"సూర్యుడా, గాడిద పన్ను నువ్వు తీసుకో,
జింక పన్ను నాకియ్యి."
చెప్పింది. విసరలేదు.
పిడికిలి బిగించి అడిగింది:
"ఇది కూడా తాత తవ్వుకుంటాడా?"
తవ్వుకోడు, చాలా కాలం పడుతుంది అన్నాను.
"ఎంత?"
సంవత్సరాలు నాకు దుకాణంవాడు చెప్పినవే తెలుసు,
అతనికి వాటి మీద ధర తెలుసు.
నేను చూసిన కొలత ఒకటే,
బాబాయి నడుముకి కట్టే తాడు.
"ఎనిమిది నిలువులు" అన్నాను.
ఒప్పుకున్నట్టే తలూపింది.

అప్పటికి సూర్యుడు వెళ్ళిపోయాడు.
గని మట్టి పోసిన గుట్టవైపు విసిరింది,
బలంకొద్దీ, ఒంటికాలి మీద లేచి.
పడిన చప్పుడు వినపడలేదు.
కాసేపు ఇద్దరం అటే చూశాం.
"ఇప్పుడు జింకా?" అంది, బోసి చిగురు వేలితో తడుముకుంటూ.

లోపలికొచ్చి జిగురు డబ్బాకి మూత బిగించాను.
రేపు మళ్ళీ తీస్తాను. పిండి డబ్బాలో అడుగు కనిపిస్తోంది.
గుంట ఉన్న ఆ పన్ను మాత్రం
ఎడమకీ తొయ్యలేదు, కుడికీ తొయ్యలేదు.
దీపం పక్కన ఉంది.
దుమ్ము దాని మీద కూడా వాలుతోంది.